మూడు గంటల ప్రేక్షకుడు, ముప్ఫయ్యేళ్ళ కాపురం

సినిమాహాల్లో దీపాలన్నీ ఆర్పేసిన తరువాత కూడా ఆరకుండా ఉండేది ఒకటుంది: తలుపు మీద ఎర్రగా వెలిగే "బయటకు" అన్న మాట. కథలో ఎంత మునిగిపోయినా కంటికొసన అది కనిపిస్తూనే ఉంటుంది. పాతకాలపు హాళ్ళలో దానికి తోడు గోడవారన ఎర్రరంగు పూసిన ఇసుక బకెట్లు వేలాడేవి. వాటిలో ఇసుక కంటే బీడీముక్కలే ఎక్కువన్న మాట నిజమే గాని, బకెట్లంటూ ఉండేవి. తలుపులు బయటివైపుకే తెరుచుకోవాలి, నడవాలో అదనపు కుర్చీ వేయకూడదు అన్న నియమాలుండేవి. ఇవేవీ హాలు యజమానుల దయాగుణం వల్ల వచ్చినవి కావు. మనుషులు కాలిపోయి, ఊపిరాడక చనిపోయి, ఆ చావుల మీదుగా చట్టాలై వచ్చినవి.

తెలుగు సినిమాకు ఇల్లయిన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలలోని నివాసాల గురించి రాయాలని ఈ ప్రస్తావన తెచ్చాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మూడు గంటలు కూర్చుని లేచిపోయే ప్రేక్షకుడికి మన సమాజం కల్పించిన రక్షణలో సగమైనా, అదే ఊళ్ళో ముప్ఫయ్యేళ్ళు కాపురముండే మనిషికి కల్పించలేదు. ఆ లోటు తీర్చే పని ప్రభుత్వానిది మాత్రమే కాదు, అందులో పెద్ద భాగం మనది. విచిత్రమేమిటంటే అది పెద్ద ఖర్చుతో కూడిన పని కూడా కాదు.

సినిమా పుట్టుకలోనే నిప్పుంది. 1897 మే 4న పారిస్‌లో ధర్మకార్యాల నిధి కోసం ఒక సంత పెట్టారు. మధ్యయుగాల వీధిలా కనిపించాలని కొయ్యతో, గుడ్డతో, రంగులతో దాన్ని కట్టారు. మన భాషలో చెప్పాలంటే సెట్టు వేశారు. అందులో ఒక పక్కన అప్పటికి కొత్త వింతయిన సినిమా చూపిస్తున్నారు. ప్రొజెక్టరు దీపానికి వాడే ఈథరు అంటుకుంది. 126 మంది చనిపోయారు. ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు లోకమంతా వాడిన నైట్రేటు ఫిల్ము ఇంకా ప్రమాదకరమైనది. మండటానికి కావలసిన ప్రాణవాయువు దాని రసాయనంలోనే ఉంటుంది గనుక, ఒకసారి అంటుకుంటే నీళ్ళలో ముంచినా మండుతూనే ఉంటుంది. ప్రొజెక్టరు గదిని హాలు నుంచి గట్టి గోడలతో వేరు చేయడం, ఆ కిటికీలకు మూతలు పెట్టడం ఇందుకోసమే వచ్చాయి.

మన దేశంలో 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం అనగానే అందరికీ సెన్సారు గుర్తుకొస్తుంది. ఆ చట్టానికి రెండు ఉద్దేశాలు. అభ్యంతరకరమైన సినిమాలను అడ్డుకోవడం ఒకటి, హాలుకు లైసెన్సు ఇచ్చేముందు ప్రేక్షకుల భద్రతను చూడటం రెండవది. మొదటిదాని మీద వందేళ్ళుగా వాదించుకుంటున్నాం. రెండవదాన్ని మరిచిపోయాం. మన రాష్ట్రంలో 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టమూ, దాని కింద 1970లో చేసిన నియమాలూ ఆ రెండవ దారిలోనే వచ్చాయి.

సినిమా తీసే చోట్ల చరిత్ర కూడా ఇటువంటిదే. 1940ల మొదట్లో మద్రాసులో నిప్పంటుకుని దెబ్బతిన్న ఒక స్టూడియోను ఎస్.ఎస్.వాసన్ వేలంలో కొని జెమినీ స్టూడియోగా నిలబెట్టాడు. మన "బాలనాగమ్మ" ఆ సంస్థ తీసిందే. తరువాతి తరంలో పరిశ్రమ హైదరాబాదుకు తరలివచ్చి బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గుట్టల్లో స్థిరపడింది. నిప్పు కూడా దానితో వచ్చింది. 2017 నవంబరు 13 సాయంత్రం అన్నపూర్ణ స్టూడియోలో మంటలు లేచి "మనం" సినిమా కోసం వేసిన సెట్టు కాలిపోయింది. అక్కినేని నాగేశ్వరరావుగారి చివరి సినిమాకు అది గుర్తు. అదృష్టవశాత్తు ప్రాణనష్టం జరగలేదు. 2019 మే 3న కోకాపేటలో "సైరా నరసింహారెడ్డి" సెట్టు కాలింది. అప్పుడూ ప్రాణాలు దక్కాయి. అన్నిసార్లూ అదృష్టం అలా ఉండదు. 1989 ఫిబ్రవరి 8న మైసూరు ప్రీమియర్ స్టూడియోలో "ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్" ధారావాహిక చిత్రీకరణలో చెలరేగిన మంటలకు అరవైమందికి పైగా బలయ్యారు. గోడలకు గోనెపట్టాలు, సరైన గాలిదారులు లేని షెడ్డు, ఆర్పడానికి తగిన సాధనాలు లేకపోవడం, వీటికి తోడు పెద్ద దీపాల వేడి. ప్లైవుడ్డు, థర్మోకోలు, గుడ్డ, రంగులు, గోనె: సెట్టంటే ఇంతేగదా! పొయ్యిలో పేర్చిన కట్టెలకూ దానికీ పెద్ద తేడా లేదు.

అయినా నేను గమనించిన ఒక సంగతి చెప్పాలి. కావాలని మంటపెట్టి సన్నివేశం తీసేటప్పుడు, పద్ధతిగా పనిచేసే చోట, కెమెరా వెనక తడిపిన గోనెలతో, మంటలార్పే సిలిండర్లతో మనుషులు సిద్ధంగా నిలబడతారు. "కట్" అనగానే పరుగెత్తుతారు. మంట వస్తుందని తెలుసు గనుక ఆ సన్నాహం. మన ఇళ్ళలో మంట ఎప్పుడొస్తుందో తెలియదు. తెలియనిదానికి సన్నాహం ఇంకా ఎక్కువ కావాలి కదా? మనం మాత్రం తెలియదు గనుక రాదనుకుంటాం.

ఇక తెర మీది మంట సంగతి. అది ఎర్రగా, పచ్చగా, ధగధగలాడుతూ ఉంటుంది. కథానాయకుడు దుప్పటి కప్పుకుని లోపలికి దూకుతాడు, పిల్లను ఎత్తుకుని బయటికి వస్తాడు, వెనకాల దూలం విరిగిపడుతుంది. అతని ముఖాన మసి మాత్రమే ఉంటుంది. చూసేవాళ్ళకు ముఖం కనిపించాలి గనుక పొగను పలుచన చేస్తారు. అది వాళ్ళ కళాధర్మం, తప్పు పట్టను. కాని తరతరాలుగా అదే చూసి చూసి, అగ్నిప్రమాదమంటే మంటతో పోరాటమని మన మనసులో ముద్ర పడిపోయింది. నిజమైన ఇంటి ప్రమాదం అలా ఉండదు. అది నల్లగా ఉంటుంది. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. తెలిసిన ఇంట్లోనే తలుపు ఎటుందో తెలియదు. నిప్పు లేనిదే పొగ రాదని సామెత చెప్పుకుంటాం గాని, ఎక్కువమందిని చంపేది మాత్రం ఆ పొగే.

మన హైదరాబాదులోనే ఇటీవలి సంవత్సరాలను వరసగా తీసుకోండి.

2022 మార్చి 23: భోయిగూడలో తుక్కు గోదాము తెల్లవారకముందే అంటుకుంది. పైన నిద్రపోతున్న 11 మంది బీహారు కూలీలు చనిపోయారు.

2022 సెప్టెంబరు 12: సికింద్రాబాదులో కింద విద్యుత్ స్కూటర్ల దుకాణం, పైన లాడ్జి. కింద పుట్టిన పొగ మెట్లదారిన పైకి పాకింది. 8 మంది మరణించారు.

2023 మార్చి 16: సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సు. ఉద్యోగం కోసం జిల్లాల నుంచి నగరానికొచ్చిన ఆరుగురు యువతీయువకులు ఊపిరాడక పోయారు.

2023 నవంబరు 13: నాంపల్లి బజార్‌ఘాట్. కింద రసాయనాల పీపాలు, పైన కాపురాలు. కనీసం 9 మంది మరణించారు.

2025 మే 18: చార్మినారు దగ్గర గుల్జార్ హౌజ్. ఆదివారం ఉదయం. కింద దుకాణాలు, పైన ఉమ్మడి కుటుంబం. లోపలికి సొరంగంలాంటి ఇరుకుదారి, పైకి మీటరు వెడల్పు మెట్లు, అంతే. 17 మంది చనిపోయారు, వారిలో 8 మంది పిల్లలు.

వేర్వేరు ఊళ్ళనుంచి వచ్చిన మనుషులు, వేర్వేరు కట్టడాలు. కాని కథ ఒక్కటే. కింద అంటుకునే సరుకో విద్యుత్ దోషమో, పైన మనుషులు, మధ్యన ఒకే ఒక్క దారి, ఆ దారినిండా పొగ. మెట్లగది అనేది పొగగొట్టం. కింద నిప్పు పెడితే పైకి లాగుతుంది. మనం దిగివెళ్ళాలనుకున్న దారినే పొగ ఎక్కివస్తుంది. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమాహాల్లో 59 మంది చనిపోయినదీ ఇలాగే. కింద వాహనాలు నిలిపేచోట ట్రాన్స్‌ఫార్మరు అంటుకుంటే, పొగ పై బాల్కనీకి చేరింది. అక్కడ అదనపు కుర్చీలకోసం ఒక దారి మూసేశారు. నేను మొదట పొగిడిన ఆ హాలు నియమాలను పక్కనపెడితే ఏమవుతుందో ఉపహార్ చూపించింది. మన ఇళ్ళలో పక్కన పెట్టడానికి అసలు నియమాలే లేవు.

పొగ ఎందుకంత త్వరగా చంపుతుంది? పరుపుల స్పాంజీ, సోఫాలు, పరదాలు, తీగల మీది ప్లాస్టిక్కు తగలబడినప్పుడు కార్బన్ మోనాక్సైడు, సైనైడు వంటి విషవాయువులు వస్తాయి. కార్బన్ మోనాక్సైడు ప్రాణవాయువు కంటే రెండువందల రెట్లకు పైగా బలంగా రక్తాన్ని పట్టుకుంటుంది. దానికి వాసన లేదు. నిద్రలో ఉన్నవాడికి పొగవాసనకు మెలకువ వస్తుందనుకోవడం పొరపాటు. నిద్ర మరింత గాఢమవుతుంది, అంతే. పాతకాలపు ఇళ్ళలో పత్తిపరుపూ నులకమంచమూ ఉండేవి. ఇప్పటి పడకగది ఆ లెక్కన రసాయనాల కొట్టు.

మన పల్లెల్లో నిప్పు అనుభవం వేరుగా ఉండేది. వేసవిలో పూరిళ్ళు అంటుకుంటే ఊరంతా కనిపించేది. బిందెలతో జనం వచ్చేవాళ్ళు, పక్క ఇంటి కప్పు పీకి నిప్పు దాటకుండా చేసేవాళ్ళు. ఆస్తి బూడిదయ్యేది గాని, నాలుగు వైపులా ఖాళీ ఉన్న ఇంట్లోంచి మనిషి ఎలాగో బయటపడేవాడు. నగరంలో నిప్పు మూసిన తలుపు వెనక పుడుతుంది. పక్క ఫ్లాటువాడికి తెలిసేసరికి మెట్లు నల్లబడి ఉంటాయి. పల్లెనుంచి నగరానికి మనం ఇల్లు మార్చాం గాని, నిప్పు గురించిన బుద్ధిని మార్చుకోలేదు.

చట్టం ఏం చేస్తోందని అడుగుతారు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక చట్టం వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా దాన్నే కొనసాగించింది. దాని కింద ఆ శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రానికి ఎత్తును కొలతగా పెట్టారు. నివాసానికి 18 మీటర్లు, వాణిజ్యానికి 15 మీటర్లు అన్నవి ఏళ్ళతరబడి వాడుకలో ఉన్న అంకెలు. కింద వాహనాలకు స్టిల్టు, పైన అయిదంతస్తులు అన్న కట్టడం హైదరాబాదు నిండా ఎందుకు కనిపిస్తుందో ఈ అంకెలు చూస్తే కొంత అర్థమవుతుంది. జూబ్లీహిల్స్ బంగళాలు, ఫిల్మ్‌నగర్ అపార్టుమెంట్లు, కృష్ణానగర్ అద్దెగదులు ఎక్కువ భాగం ఈ గీతకు కిందే ఉంటాయి. గీతకు కింద ఉన్నవాళ్ళకు ప్రమాదం లేదని కాదు. వాళ్ళ గుమ్మంలోకి తనిఖీ అధికారి రాడని మాత్రమే అర్థం.

అటువంటి అయిదంతస్తుల కట్టడాన్ని ఒకసారి కిందినుంచి పైకి చూద్దాం. కింద మెట్లపక్కనే మీటర్ల బోర్డు. దాని కిందో పక్కనో పాత మంచాలు, అట్టపెట్టెలు, పిల్లల సైకిళ్ళు. ఈమధ్య వాటికి తోడు ఛార్జింగుకు పెట్టిన విద్యుత్ స్కూటరు. ఆ పక్కనే ఒక చిన్నగది. అందులో కాపలా మనిషి కుటుంబం, గ్యాసు పొయ్యి, బట్టల తీగ. మెట్లెక్కితే ప్రతి మలుపులో చెప్పుల అలమర. కిటికీలన్నిటికీ, బాల్కనీకి కూడా, తెరవడానికి వీల్లేని ఇనుప ఊచలు. అన్నిటికీ పైన మేడ తలుపుకు తాళం. ఆ తాళంచెవి ఎక్కడుంటుందో కాపలా మనిషికి తప్ప ఎవరికీ తెలియదు.

అంటే కింద నిప్పు పుట్టే చోటు, మధ్య పొగగొట్టం, పైన మూత, పక్కల ఊచలు. ఇలా పెట్టినవాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. తాళం దొంగల భయానికి వేశారు, ఊచలు పిల్లలు పడతారని పెట్టారు. రెండు భయాలూ నిజమైనవే, వాటిని నేను ఎగతాళి చేయను. రెండిటికీ పరిష్కారం ఉంది. మేడ తలుపుకు లోపలివైపు నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకునే గడియ పెట్టవచ్చు. లేదా తాళంచెవిని అద్దపు పెట్టెలో తలుపు పక్కనే ఉంచవచ్చు. ఊచలలో ఒక్కో గదికి ఒక్కటైనా కీలుమీద తెరుచుకునే భాగం చేయించవచ్చు. ఏ వెల్డింగు కొట్టు మనిషయినా ఒకపూటలో చేసిపెడతాడు. కావలసినది నిర్ణయం.

ఇక్కడ నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట కాపలా మనిషి గురించి. సెల్లారులోనో స్టిల్టులోనో కాపురముండే ఆ కుటుంబమే నిజానికి ఆ కట్టడానికి మొదటి అగ్నిమాపక దళం. పొగ మొదట చూసేది వాళ్ళు, తలుపులు తట్టేది వాళ్ళు, మెయిన్ స్విచ్చు ఎక్కడుందో తెలిసినది వాళ్ళకు. బండి రావడానికి గేటు తీసేదీ వాళ్ళే. వాళ్ళకు మనం ఏమైనా నేర్పించామా? మంటలార్పే సిలిండరు పిన్ను ఎలా లాగాలో ఒక్కసారైనా చేయించామా? పైగా వాళ్ళ పడకను మీటర్ల బోర్డు పక్కనే పెట్టాం. సంఘం సమావేశాలలో లిఫ్టుకు అద్దం పెట్టించాలా వద్దా అన్నదానికి గంట చర్చిస్తాం. ఆ పిల్లలు నిద్రపోయే గది ఎక్కడుండాలన్నది చర్చకే రాదు. నా దృష్టిలో ఇది భద్రత సమస్య కంటే ముందు న్యాయం సమస్య.

గుట్ట దిగితే ఇంకో లోకం. కృష్ణానగర్, ఇందిరానగర్ గదుల్లో సహాయ దర్శకులు, జూనియర్ ఆర్టిస్టులు, లైటుబాయిలు, సెట్టు పనివాళ్ళు నలుగురైదుగురు కలిసి ఉంటారు. రాత్రి చిత్రీకరణ ముగించుకొచ్చి పగలు నిద్రపోతారు. ఫిల్మ్‌నగర్ గుట్టమీది బస్తీల్లో ఇంటికీ ఇంటికీ మధ్య మెట్లే వీధి. అక్కడికి ఎర్రబండి ఎక్కదు, ఎక్కలేదు. అటువంటి చోట మొదటి అయిదు నిమిషాలు పూర్తిగా బస్తీవాళ్ళవే. తెరమీద మంటను పుట్టించి, అదుపుచేసి, ఆర్పే విద్య తెలిసిన మనుషులు అక్కడే నివసిస్తున్నారు. ఆ విద్యను తమ వీధికి వాడుకునేలా చేయడం సినీ కార్మిక సంఘాలకు అసాధ్యమేమీ కాదు. నెలకొక వీధిలో ఒక ఆదివారం పూట చాలు.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ ప్రభుత్వం తనిఖీలు చేస్తుంది, నోటీసులిస్తుంది, కొన్నాళ్ళకు చల్లబడుతుంది. ఆ విమర్శ న్యాయమైనదే. కాని ఆ విమర్శ చేసి చేతులు దులుపుకోవడం కూడా ఇల్లు తగలబడుతుంటే బావి ఎవరు తవ్వాలని వాదించుకోవడమే. మనం చేయగలిగినవి కొన్ని రాస్తాను. ఇవి నేను కనిపెట్టినవి కావు, అగ్నిమాపక శాఖవాళ్ళు ఎన్నాళ్ళుగానో చెబుతున్నవే.

1. మెట్లు ఖాళీగా ఉండాలి. మీటర్ల బోర్డు చుట్టూ కాలే వస్తువు ఏదీ ఉండకూడదు. విద్యుత్ స్కూటర్లను మెట్లకు దూరంగా, గాలి ఆడే చోట ఛార్జింగు పెట్టాలి. బ్యాటరీని తీసుకెళ్ళి పడకగదిలోనో గుమ్మం పక్కనో పెట్టడం మరీ ప్రమాదం.

2. పొగ మెట్లలో నిండి ఉంటే దిగకండి, ఎక్కకండి, లిఫ్టు ఎక్కవద్దు. తలుపు తీసేముందు చేతి వెనకభాగంతో తాకి చూడండి. వేడిగా ఉంటే తీయకండి. తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి, వీధివైపు కిటికీ దగ్గర నిలబడి కనిపించండి. మూసిన తలుపు ప్రాణాలు కాపాడుతుంది. రాత్రి పడకగది తలుపు వేసుకుని పడుకోవడం మంచి అలవాటు.

3. పొగలో నడవక తప్పకపోతే వంగి, నేలకు దగ్గరగా కదలండి. నగలకోసం, కాగితాలకోసం వెనక్కి వెళ్ళకండి. బయట కలుసుకునే చోటు ముందే అనుకుని ఉంటే, ఎవరు రాలేదో వెంటనే తెలుస్తుంది.

4. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకండి. నీరు ఆవిరైతే సుమారు 1700 రెట్లు పెరుగుతుంది, మండే నూనెను వంటగదంతా చిమ్ముతుంది. పొయ్యి కట్టేసి మూత పెట్టేయండి, మూత తీయకుండా వదిలేయండి.

5. గ్యాసు వాసన వస్తే స్విచ్చు వేయకండి, ఉన్నది ఆర్పకండి కూడా. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906కు ఫోను చేయండి. ఆ వాయువు గాలికంటే బరువు, నేలబారున పరుచుకుంటుంది. రబ్బరు గొట్టాన్ని అయిదేళ్ళకొకసారి మార్చాలి.

6. ఒంటిమీది బట్ట అంటుకుంటే పరుగెత్తకుండా నేలమీద దొర్లాలి. కాలినచోట ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళధార పట్టాలి. పేస్టు, ఇంకు, పసుపు పూయకూడదు.

7. మంటలార్పే సిలిండరు ప్రతి అంతస్తులో ఉండాలి, దాని ముల్లు ఆకుపచ్చ గీతలో ఉండాలి. చిన్న సిలిండరు పదిహేను ఇరవై సెకన్లకు మించి రాదు. అందుకే పిన్ను లాగి, మంట మొదలుకు గురిపెట్టి వాడటం ముందే నేర్చుకోవాలి. వెనక మనకు బయటపడే దారి లేకపోతే దాని జోలికే పోకూడదు.

8. 101, లేదా 112. ఇంటి నంబరు కంటే ముందు గుర్తు చెప్పండి. జూబ్లీహిల్స్ రోడ్ల నంబర్లు ఆ కాలనీలో పుట్టినవాళ్ళకే తికమక!

వీటికి తోడు పొగను పసిగట్టి కూసే చిన్న యంత్రం ఒకటుంది. అమెరికాలో ఉన్న బ్లాగ్మిత్రులకు దాని కూత బాగా పరిచయం. ఎండుమిరపకాయల పోపు పెట్టగానే అది గోల చేయడం, ఇంటాయన కుర్చీ ఎక్కి విసనకర్రతో విసరడం, చివరికి విసుగొచ్చి బ్యాటరీ పీకేయడం ప్రవాసాంధ్ర సాహిత్యంలో ఒక హాస్యఘట్టం కావలసినది. పోపుకూ దానికీ పొత్తు కుదరదన్నది నిజమే. అయితే దాన్ని వంటింట్లో పెట్టనక్కరలేదు. పడకగదుల బయట పెడితే చాలు. నిద్రపోయే ముక్కు చేయలేని పనిని ఆ కూత చేస్తుంది. పాతిక లక్షలు పెట్టి లోపలి అలంకరణ చేయించుకునే ఇళ్ళలో కూడా అది కనపడకపోవడం నాకు వింతగా ఉంటుంది.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో అదే రోజున బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలినప్పుడు మంటలార్పుతూ చనిపోయిన 66 మంది సిబ్బంది స్మృత్యర్థం అది. ఆ వారంలో ఆ శాఖవాళ్ళు ప్రదర్శనలిస్తారు. బడికో ఆసుపత్రికో వెళ్ళినట్టే, అడిగితే నివాస సముదాయాలకూ వస్తారు. అడగాలి. సంఘం కార్యదర్శి ఒక ఉత్తరం రాయాలి. ఆ రోజు కాపలా మనిషి, వంటమనిషి, డ్రైవరు, ముసలివాళ్ళు, పిల్లలు అందరూ మెట్లు దిగి చూడాలి. ఎనభయ్యేళ్ళ తాతగారిని నాలుగో అంతస్తునుంచి ఎవరు, ఎలా దించుతారన్నది కాగితం మీద తేలదు, మెట్లమీదే తేలుతుంది.

సినిమావాళ్ళకు కూడా ఒక విన్నపం. తెలుగుజనానికి మీరు నేర్పినంతగా బడి నేర్పలేదు. మాటతీరు, జుట్టుతీరు, పెళ్ళితంతు మీనుంచే నేర్చుకున్నాం. ఇకమీద మంటల సన్నివేశం రాసుకునేటప్పుడు, ఒక్కసారయినా కథానాయకుడు నేలమీద పాకనీయండి. తలుపు తాకి చూసి వెనక్కి తగ్గనీయండి. తడిగుడ్డ సందులో కుక్కనీయండి. మేడ తాళం పగలగొట్టే క్షణంలో ఉన్న ఉత్కంఠ, దూలం విరిగిపడటంలో ఉన్నదానికి తక్కువేమీ కాదు. అది చూసినవాళ్ళలో ఒక్కరికి అవసరానికి గుర్తొచ్చినా చాలు.

ఈ టపా చదివినవారిని నేను కోరేది ఒక్కటే పని. ఈ రాత్రి పడుకునేముందు మీ కట్టడంలో మేడ తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి. పొరుగువాళ్ళలో ఎందరికి తెలుసో కూడా అడగండి. జవాబులు ఇక్కడ రాస్తే, వచ్చే ఏప్రిల్‌కు ముందు మనలో ఎన్ని ఇళ్ళకు రెండో దారి ఉందో మనకే లెక్క తెలుస్తుంది.